సింహపురి తీరమున అన్నపానములు



ఇటలీ దేశమున ద్రాక్షతోటల నడుమ నున్న పల్లెలకు దూరదేశములనుండి జనులు యాత్రగా పోవుచుందురు. దేవతాదర్శనము కొఱకు గాదు. ఆ పల్లె రొట్టెను, ఆ పల్లె జున్నును, ఆ తోట ద్రాక్షలతో జేసిన మద్యమును రుచిచూచుటకు. బరోలో అను చిన్న గ్రామము తన మద్యమునకు తన పేరే పెట్టుకొని లోకమంతట ప్రసిద్ధి గాంచినది. ఈ సంగతి చదివిన నాడు నాకొక ప్రశ్న పొడమినది. మన నెల్లూరు తీరమునకు వచ్చిన బాటసారి యేమి తినెను? ఏమి త్రాగెను? మన పెద్దలు అన్నపానములని రెండు మాటలను జంటగా పలికిరి గాని, మన సీమలో అన్నము చరిత్ర వేఱు, పానము చరిత్ర వేఱు. మొదటిది చెప్పుకొనుటకు ముచ్చటగా నుండును. రెండవది చెప్పుకొనక తప్పదు.

మొదట నొక కుండ సంగతి విన్నవింతును. 1786వ సంవత్సరమున నెల్లూరునకు సమీపమున నొక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఒక పాత గుడి శిథిలములకు దగిలినది. త్రవ్విచూడగా నొక కుండ బయల్పడెను. కుండలో బంగారు నాణెములు. అవి మన రాజులవి గావు. ట్రాజను, హేడ్రియను మున్నగు రోమక చక్రవర్తుల కాలమువి, అనగా క్రీస్తుశకము రెండవ శతాబ్దమువి. ఈ వృత్తాంతము అప్పుడే కలకత్తాలోని పండితసభ వారి పత్రికయందు అచ్చయినది. ఇటలీ బంగారము మన సేద్యగాని చాలులోనికి వచ్చుటకు కారణ మేమి? మన దేశపు మిరియములు, ముత్యములు, సన్నని నూలుబట్టలు ఆ దేశపు సంపన్నులను వశపఱచుకొనెను. ఏటేట అయిదుకోట్ల సెస్టెర్షియములు, అనగా వారి యిత్తడి నాణెములు, హిందూదేశమునకు పోవుచున్నవని ప్లినీ అను రోమక గ్రంథకర్త వాపోయినాడు.

ఆ యోడలు వట్టి బంగారముతోనే వచ్చినవి గావు. ఆ కాలపు గ్రీకు నావికు డొకడు వ్రాసిన ఎరిత్రియను సముద్ర వృత్తాంతమున, భృగుకచ్ఛపు రేవునకు దిగుమతి యగు సరకులలో మద్యము గలదనియు, వానిలో ఇటలీ మద్యమునకే గిరాకి యెక్కువయనియు నున్నది. 1945లో వీలరు దొర పుదుచ్చేరి చెంత అరికమేడునందు త్రవ్వించినప్పుడు, మద్యము పోసి తెచ్చిన రెండుచెవుల జాడీల పెంకులు లభించినవి. కాబట్టి రెండువేల యేండ్లకు పూర్వమే ఇటలీ ద్రాక్షమద్యము ఈ తూర్పుతీరమున దిగినదనుట నిశ్చయము. అయినను మన నెల్లూరు కుండలో బంగారము దొరికినది గాని మద్యము వాసన దొరకలేదు.

పదుమూడవ శతాబ్దపు చివరను ఇటలీ దేశీయుడే, వెనీసు నగరవాసి మార్కోపోలో, మన తీరమును గూర్చి చెప్పినాడు. అతడు 1298లో జెనోవా చెఱసాలయందు తన యాత్రాకథను మఱియొక ఖైదీచేత వ్రాయించెను. మనకు ఉత్తరమున నున్న మోటుపల్లిని అతడు ముత్ఫిలి యనెను. ఆ రాజ్యము నేలిన రాణి యొకతె న్యాయమున సాటిలేనిదని పొగడెను; ఆమె కాకతీయ రుద్రమదేవి యని పండితులు చెప్పుదురు. అచ్చటి బట్టలు సాలెగూటివలె సన్ననివని మెచ్చెను. మనకు దక్షిణమున నున్న పాండ్యదేశమును గూర్చి అతడు చెప్పిన మాటలు మన ప్రసంగమునకు మిక్కిలి యవసరము. అచ్చటివారు కుడిచేతితోనే భుజింతురనియు, ఎవరి పాత్ర వారిదేయనియు, పాత్రను పెదవికి తగిలింపక పైనుండి నోటిలో పోసికొందురనియు వ్రాయించెను. మద్యమును వర్జింతురనియు, త్రాగువాని మాటను, సముద్రముపై పోవువాని మాటను జామీనుగా నంగీకరింపరనియు జెప్పెను. అట్టివారు తెగించినవారని వారి భావమట.

ఈ వాక్యము చదివినప్పుడు నాకు మన పాళెములలోని పట్టపువారు జ్ఞప్తికి వచ్చిరి. వేకువజామున తెప్పవేసికొని అలలకెదురుగా పోయి ఊరివారికి కూర దెచ్చువాని మాటకు విలువ లేదనుట న్యాయమా? తెగింపు లేనిదే చేప లేదు. ఒక మాట సత్యమై, దాని ప్రక్కనే అన్యాయమును కూర్చుండగలదని యాత్రికుల గ్రంథములు చదువునప్పుడు మనము మఱవరాదు.

ఇక అన్నము సంగతి. నెల్లూరను పేరు ఉసిరికకు అఱవమున పేరైన నెల్లి నుండి వచ్చినదని కొందఱు, వరికి పేరైన నెల్ అను మాటనుండి వచ్చినదని కొందఱు చెప్పుదురు. రెండవమాట యెట్లున్నను, పెన్నానది కడుపు చలువవలననే మన సీమకు అన్నపురాశి యను ఖ్యాతి గలిగినది. నెల్లూరు ఆనకట్ట 1855లోను, సంగము ఆనకట్ట 1886లోను పూర్తియైనవి. ఇప్పుడా రెండుచోట్లను 2022లో క్రొత్త బారేజీలు నడుచుటకు మొదలిడినవి. ఆ నీటిక్రింద పండిన మొలగొలుకుల బియ్యము చెన్నపట్టణపు అంగళ్లలో పేరడిగి కొనబడుచుండెను. సన్నని గింజ, మెత్తని మెతుకు. పథ్యమునకు ఈ బియ్యమే కావలయునని వైద్యులు చెప్పుట మా యింట వినియున్నాను. తరువాతి కాలమున నెల్లూరు పరిశోధనాక్షేత్రమున బుట్టిన నెల్లూరు మసూరి, ఎన్.ఎల్.ఆర్. 34449 అను సంఖ్యతో, ఆ స్థానమును చాలవఱ కాక్రమించినది.

ఆ యన్నములోనికి కడలి ఇచ్చిన కూర చేపల పులుసు. చింతపండు పులుసున పచ్చిమామిడి ముక్కలు వేసి, మెంతిపొడి చల్లి, మట్టిచట్టిలో కాచిన పులుసు మఱునాటికి గాని తన రుచిని పూర్తిగా విప్పదని చెప్పుదురు. నేను పుట్టిన యింట అది నిషిద్ధము. కావున వాసనచేతనే గాని నాలుకచేత నేను సాక్ష్యము చెప్పజాలను. నాకు తెలిసినవి పులిబొంగరాలు, ముంజలు, తేగలు, కాల్చిన తాటికాయ. మెట్టసీమలో సంకటి, తీరసీమలో వరియన్నము. ఇసుకపల్లి ప్రాంతమున ఉప్పుమడులు. 1930లో ఉప్పుసత్యాగ్రహ కాలమున మైపాడు తీరమున ఉప్పు చేసి మన జిల్లావారు చట్టమును ధిక్కరించిరి. కూటిలోని ఉప్పునకు సయితము ఒక చరిత్ర గలదని దీనివలన తెలియును.

ఈ తీరమున భోజన సౌకర్యములను గమనించుచు పోయిన తెలుగు యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టున దుబాసీగా నుండిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి కాశికి పోయి, తూర్పుతీరము వెంబడి దిగివచ్చి, నెల్లూరు సీమ మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు జేరెను. ఆయన కాశీయాత్రా చరిత్ర 1838లో అచ్చయినది. ఏ యూర నీరు మంచిది, ఏ యూర సత్రము గలదు, ఏ యూర బియ్యము పప్పు దొరకును అను వివరములు ఆయన యెడతెగక వ్రాసెను. క్షేత్రమాహాత్మ్యముతో పాటు అంగడి మాహాత్మ్యమును వ్రాసిన మహనీయుడు! ఎందుకనగా ఆయన వెంట సుమారు నూఱుగురు పరివారము గలదు. ఆకలి యెఱిగినవాడే దారి యెఱిగినవాడు.

అన్నము లేని కాలమును ఈ తీరము చూచినది. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాతుకరువును మా ముత్తవ్వ తన తల్లివలన విని చెప్పెడిది. ఆ కరువునాళ్లలో చెన్నపట్టణమున అడయారును కూవమును గలుపు కాలువభాగమును కరువుకూలీలు త్రవ్విరి. ఆ కాలువకు అప్పటి గవర్నరు పేరు పెట్టి బకింగుహాము కాలువ యనిరి. పెదగంజాము మొదలు మరక్కాణము వఱకు సుమారు 420 కిలోమీటర్ల పొడవున, మన తీరమంతట నది పాఱినది. గాలిచాప యెత్తిన పడవలపై మన బియ్యము, ఉప్పు, సరుగుడు కట్టెలు చెన్నపట్టణమునకు పోయినవి. ఇప్పుడు పలుచోట్ల నది పూడిపోయి, పడవలు లేక, తుంగతో నిండియున్నది.

ఈ తుంగ యనుమాట వచ్చినది గనుక పానము కథకు దారి దొరకినది. మన సింహపురిలో మనుమసిద్ధి మంత్రియై, విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి మౌసలపర్వమును గూడ ఈ పెన్నానదీ పరిసరముననే తెలుగు చేసెను. ఆ కథ మీ రెఱుగుదురు. ద్వారకయందు ఉత్పాతములు గలుగగా, పురమున సురను చేయరాదని, చేసినవానిని బంధువులతో గూడ కొఱ్ఱు వేయుదుమని చాటింపబడినట్లు వ్యాసభారతమున నున్నది. అంతటి శాసనము నిలిచినదా? ప్రభాసతీర్థమున, సముద్రపుటొడ్డున, యాదవులు త్రాగి, మాటకు మాట పెంచుకొని, తుంగపఱకలు పెఱికికొని కొట్టుకొని నశించిరి. రాజు చాటింపు ఊరివారి నోటిని కట్టివేయగలదు గాని, వారి మనస్సును కట్టివేయలేదు. ఈ మాట మనకు తిరిగి పనికివచ్చును.

మన తీరపు పానము తాటికల్లు. మార్కోపోలో సుమత్రా ద్వీపమున చెట్టుకొమ్మను గోసి కుండ గట్టి రసము పట్టుటను చూచి, అది మంచి మద్యమని మెచ్చుకొనెను. మన కల్లుగీతవారి పనియు నట్టిదే. నడుమున మోకు బిగించి, గెలకు లొట్టి కట్టి, ఉదయము సాయంకాలము చెట్టెక్కి దిగు ఆ పని ప్రాణాంతకము. లొట్టికి సున్నము రాచిన యెడల పులియని తియ్యని నీరు వచ్చును. దానిని కాచిన తాటిబెల్లము వచ్చును. పులిసిన కల్లగును. ఒక్క చెట్టునకే రెండు గతులు గలవు, నిర్ణయించునది సున్నము.

పూర్వము కల్లు ఋతువునకు లోబడియుండెను. త్రాగువారు లేకపోలేదు, చెడినవారును లేకపోలేదు. నేను పూర్వకాలమును పొగడుటకు రాలేదు. కాని 1886లో మద్రాసు అబ్కారీ చట్టము వచ్చిన పిమ్మట త్రాగుడు ఖజానాకొక పంటయైనది. చెట్టునకు పన్ను, అంగడికి వేలము. వేలము పాడినవాడు తన సొమ్ము రాబట్టుకొనవలెను గదా! కావున ఎక్కువమంది, ఎక్కువ దినములు త్రాగుట వానికి అవసరమైనది. ఋతువు లేని, చెట్టుతో పనిలేని సారా పల్లెల నాక్రమించినది.

దీని నెదిరించుట మన జిల్లాకు క్రొత్తగాదు. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు పల్లిపాడున, పెన్న యొడ్డున, పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. మద్యపానము మానుట ఆయన కార్యక్రమమున నొక ముఖ్యాంశము. 1937లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధమును మొదలుపెట్టినది. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతట నది వ్యాపించినది. ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మట కొంతకాలమునకు ఆ నిషేధము సడలిపోయినది. 1980 దశాబ్దమున ప్రభుత్వమే వారుణి వాహిని యను పేర సారాను సంచులలో నింపించి పల్లెలకు పంపినది. పాలసముద్రమున బుట్టినదని పురాణములు చెప్పు వారుణి ఇట్లు మన సముద్రతీరపు ప్రతి పాళెమునకు చవుకగా చేరినది. పేరు పెట్టినవారి సంస్కృతజ్ఞానమునకు నేను సంతసింపలేకపోతిని.

ఇక నేను కన్నులార చూచినది చెప్పుదును. 1991లో మన జిల్లాయందు అక్షరజ్యోతి యను పేర వయోజనులకు అక్షరములు నేర్పు ఉద్యమము సాగినది. అప్పుడు నేను తీరమున నొక పల్లె బడిలో ఉపాధ్యాయుడను. రాత్రివేళ బడి పంచలో లాంతరు పెట్టి ఇరువదిమంది స్త్రీలకు చదువు చెప్పుచుంటిని. వాచకమున సీతమ్మ కథ యను పాఠముండెను. త్రాగుబోతు భర్తవలన సీతమ్మ పడిన యిడుమలు దానిలోని విషయము. ఒకనాడు పట్టపుపాళెము నుండి వచ్చు నొక యిల్లాలు ఆ పాఠమును వ్రేలితో గుర్తుపెట్టుకొనుచు చదివి, నడుమ ఆపివేసినది.

“అయ్యవారూ, ఈ సీతమ్మ మా వీధిలోనే ఉండాది. మీకెట్ల తెలిసింది?” అనెను.

నేను నవ్వి, ముందునకు చదువు మంటిని. ఆమె చదువలేదు. “మాకు సారా అనే మాట రాయను నేర్పండి” అనెను. అమ్మ, ఆవు, ఇల్లు నేర్పించు నాకు ఆ మాటను పలకమీద వ్రాయుటకు మనసొప్పలేదు. సరస్వతి ముందర ఆ మాట యేల యనుకొంటిని. “అది తరువాత చూతము” అని పాఠము ముగించితిని. ఆమె మాఱాడక, వాకిట ఇసుకలో వ్రేలితో మొదట సా యనియు, తరువాత రా యనియు వ్రాసి, తక్కినవారికి చూపి వెడలిపోయెను. ఆ రెండక్షరములును నేను నేర్పినవే; కూర్చుటకు మాత్రము నేను నిరాకరించితిని.

కొన్నాళ్లకు వారి వీధికి పోగా, ఆమె గుడిసె గోడమీద వరుసగా బొగ్గుగీతలు కనబడెను. భర్త తెచ్చిన యొక్కొక్క సారాసంచికి ఒక్కొక్క గీత. గీత లెంచి, ఆ సొమ్మునకు ఎన్ని శేర్ల బియ్యము వచ్చియుండెడివో ఆమె నాకు లెక్క చెప్పెను. నేను నేర్పిన కూడికయే. ఊరంతటికి చేపలు తెచ్చు నింట పిల్లలు గంజి త్రాగి పండుకొనుచుండిరి. ముప్పది యేండ్లు నేను ఎందఱకో లెక్కలు చెప్పితిని గాని, లెక్క యిట్లు గోడనుండి నన్ను నిలదీయుట అదియే మొదలు.

1992లో తీరమునకు పడమరగా మెట్టప్రాంతమున నున్న దూబగుంటలో స్త్రీలు ఏకమై తమ యూర సారా అంగడి లేకుండ జేసిరి. వారిలో వర్ధినేని రోశమ్మగారి పేరు రాష్ట్రమంతట వినవచ్చినది. దూబగుంట కథయే మఱల వాచకమున పాఠమై, చదువుకొనువారు దానిని చదివి, తమ తమ యూళ్లలో చీపుళ్లు కారపుపొడి చేతబట్టి అంగళ్ల ముందు నిలిచిరి. మా పల్లె స్త్రీలును అధికారులకు అర్జీ వ్రాసిరి. అందు సారా యను మాట ఆరుమార్లు వచ్చినది. ఒక్కమారును తప్పు పోలేదు. నన్ను దిద్దుమని యడిగిరి. దిద్దుటకేమియు లేకపోయెను.

జిల్లాలో సారా వేలము స్త్రీల ప్రతిఘటనవలన మఱల మఱల నిలిచిపోయినది. 1993 ఏప్రిల్ 15 నుండి మన జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో ఆ సంపూర్ణ నిషేధము ఎత్తివేయబడెను. సారా నిషేధము మాత్రము నిలిచినది. సీసాలలోని మద్యము నేటికిని మన పల్లెలలో నున్నది. కావున ఈ కథకు మంగళము పాడుటకు వీలులేదు.

అయినను ద్వారకకును దూబగుంటకును గల భేదమును గమనింపుడు. ద్వారకలో నిషేధము కోటనుండి ఇంటికి వచ్చినది; కొఱ్ఱు చూపి వచ్చినది. దూబగుంటలో నది ఇంటినుండి కోటకు పోయినది, పలకచూపి పోయినది. చట్టము వచ్చినప్పుడును పోయినప్పుడును నిలిచి యున్నది ఆ స్త్రీలు నేర్చిన లెక్క యొక్కటే.

ఇటలీ పల్లెవారు తమ ద్రాక్షమద్యమును చూచి గర్వించుట వారి తోటకు, వారి భోజనమునకు సంబంధించిన విషయము. నేను దానిని నిందింపను. మన గర్వమునకు మన మొలగొలుకులున్నవి, మన పులుసున్నది, తాటిముంజలున్నవి. మన యింటికి బాటసారి వచ్చిన, ముందు కాళ్లకు నీళ్లిచ్చి, తరువాత మజ్జిగ యిచ్చి, పిమ్మట విస్తరి వేయుట మన యాచారము. ఆ విస్తరిలో వడ్డించు ఇల్లాలు తాను తిన్నదో లేదో పెద్దలు ఒక్కమాఱు విచారింపవలెనని నా ప్రార్థన. ఊరి పెద్దఱికము రచ్చబండమీద గాదు, ఆ గోడమీది గీతలను చదువుటలో నున్నది.

మొన్న నేను ఆ పాళెమునకు పోయితిని. గుడిసె స్థానమున పక్కాయిల్లు గలదు. గోడకు సున్నము వేసియున్నారు. ఆమె మనుమరాలు కళాశాలలో చదువుచున్నది. నన్ను గుర్తుపట్టి, “అయ్యవారూ, మజ్జిగ పుచ్చుకోండి” అని ఆ యవ్వ లోటా తెచ్చియిచ్చినది. పెదవికి తగిలింపక, మార్కోపోలో చెప్పిన విధముననే, పైనుండి పోసికొని త్రాగితిని. చల్లగా నుండెను.